మలేషియా కొండమీద తిరుపాలమ్మ ఒట్టు

తిరుపాలమ్మ మొగుడితో మాట్లాడి ఏడేండ్లయింది. ఈ సంగతి కుందుర్పి బస్టాండులో ఎవరిని అడిగినా చెప్తారు, అడగకపోయినా చెప్తారు. అట్లాగని ఆ ఇంట్లో రోజూ రచ్చ జరుగుతుందనుకుంటే పొరపాటు. ఒకటే పొయ్యి, ఒకటే కప్పు. వేళకు సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి కంచంలో పడతాయి. మాట ఒక్కటే నేరుగా పోదు. ఇంటి ముందర పంచలో పాతిన ఒక చింతగుంజ ఉంది. దాని మీదుగా చుట్టు తిరిగి పోవాలి.

"గుంజప్పా, సంగటి ఆరిపోతాండాది. ఆయప్పని తినమను," అంటుంది తిరుపాలమ్మ.

"గుంజా, నేను కల్యాణదుర్గం పోతాండా. వచ్చేతలికి మాపు అయితాది. ఆయమ్మకు చెప్పు," అంటాడు ఓబులేసు.

మొదట్లో ఈ రాయబారం వాళ్ళ కూతురు సరళ నడిపేది. సరళ పెండ్లయి మడకశిరకు పోయాక ఆ ఉద్యోగం గుంజకు వచ్చింది. జీతం అడగదు, సెలవు అడగదు, ఉన్నదానికి ఒక మాట కలిపి చెప్పదు. సరళకంటే గుంజే నయమని ఊళ్ళో అనుకున్నారు.

ఆ గుంజ సంగతి చెప్పకుండా మలేషియా సంగతి చెప్పడం కుదరదు.

తిరుపాలమ్మ పుట్టిల్లు మడకశిర అవతల, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే పల్లె. ఆమె అత్తగారింటికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ చెన్నమ్మ రెండు ఆడ గొర్రెపిల్లల్ని వెంట తోలింది. వాటిలో ఒకదాని ముఖం సగం నలుపు, సగం తెలుపు. దాని పేరు బొల్లి; దాని సంతతిలో అట్లాంటి ముఖంతో ఏది పుట్టినా దానికీ అదే పేరు. అవి ఈని, వాటి పిల్లలు ఈని, కొన్నేండ్లకు అది పెద్ద మంద అయింది. మందను కాసింది తిరుపాలమ్మే. ఎండాకాలం మేత లేనప్పుడు కంబళి భుజాన వేసుకొని, ఎక్కడ పచ్చన కనిపిస్తే అక్కడికి నడిపించుకుపోయేది. సాయంత్రం దొడ్డి ముందర నిలబడి ఒక కూత వేసేది. గొంతు అడుగునుంచి మెల్లగా మొదలై, నాలుక కొసన దడదడలాడి, చివరికి గాలిలో సాగిపోయే కూత. గుట్ట అవతల మేస్తున్న గొర్రె కూడా తల ఎత్తి ఇంటి దారి పట్టేది. ఊళ్ళో మగ కాపరులు ఎంతమంది ప్రయత్నించినా ఆ కూత ఎవరికీ పట్టుబడలేదు.

తొంభై ఎనిమిదిలో వానలు లేవు. ఊరంతటికీ బోర్ల పిచ్చి పట్టింది. తిరుపాలమ్మ పుట్టింటి ఊరి జాతరకు పోయింది. ఆమె తిరిగి వచ్చేలోపల ఓబులేసు మందనంతా సంత వ్యాపారికి అమ్మి, చెనిక్కాయ చేన్లోకి బోరుబండిని తోలించాడు. నీళ్ళు పడతాయని ఎంత నమ్మకమంటే, ముందే పైపులు కూడా కొని గట్టున పేర్చి పెట్టాడు. బోరులోంచి తెల్లటి దుమ్ము లేచింది. బండి ఆపేదాకా దుమ్మే లేచింది.

తిరుపాలమ్మ వచ్చి చూస్తే దొడ్డి ఖాళీ. ఏడవలేదు, తిట్టలేదు. చీపురు తీసుకొని దొడ్డంతా ఊడ్చింది. ఎరువు గంపలకెత్తి చేన్లో పోసి వచ్చింది. చేతులు కడుక్కొని, దొడ్డి గుంజ మీద చెయ్యి పెట్టి, "నన్ను అడగకుండా అమ్మింది తప్పని నీ నోటితో నువ్వు అనేదాకా నీతో మాట్లాడితే ఒట్టు," అంది.

ఓబులేసు నవ్వాడు. రెండు దినాలు ఉంటుందిలే అనుకున్నాడు. తిరుపాలమ్మ సంగతి అంతవరకు అతనికి నిజంగా తెలియదు.

గట్టున మిగిలిన పైపుల్ని పక్క ఊళ్ళో నీళ్ళు పడిన రైతుకు అమ్మాడు. ఆ అమ్మకంతో ఒక సంగతి బోధపడింది. నీళ్ళు పడని సీమలోనే జనం బోర్లు ఎక్కువ వేస్తారు. బోర్లు ఎక్కువ వేసే చోటే పైపులకు గిరాకీ. పైపుల అంగడి పెట్టాడు. అంగడి కట్టడానికి దొడ్డి పీకించాడు. పీకిన గుంజల్లోంచి తిరుపాలమ్మ తాను ఒట్టుపెట్టిన గుంజను వెతికి తీసి, భుజాన మోసుకొచ్చి పంచలో పాతించింది. సరళ పెండ్లయి పోయాక అది పనిలో చేరింది.

అంగడి సగం నడిపింది ఆమే. ఓబులేసు ఊళ్ళు తిరుగుతుంటే గల్లా ముందర ఆమె కూర్చునేది. చూపులోనే మనిషిని పట్టేది. ఉన్న కమ్మలు కూడా అమ్ముకొని మూడో బోరుకో నాలుగో బోరుకో పైపులు కొనడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "ఏమప్పా, ఇంగ చాలు. భూమితో పందెం కట్టొద్దు. ఇంటికి పో," అని ఉత్త చేతులతో పంపించేది. పైపులమ్మే మనిషి పైపులు కొనొద్దనడమేమిటని ఓబులేసు గుంజ దగ్గర నెత్తి కొట్టుకునేవాడు. ఆమె మారలేదు. చిత్రమేమిటంటే ఆ మాట పాకి, చుట్టుపక్కల రైతులందరూ ఆ అంగడికే రావడం మొదలుపెట్టారు. ఆయమ్మ అమ్మితే అవసరముంది కాబట్టే అమ్ముతుందని.

ఓబులేసుకు టైఫాయిడ్ వస్తే గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది, ఆస్పత్రి బల్ల మీదే పడుకుంది. అక్కడ గుంజ లేదు కదా. "సెలైను సీసా అప్పా, ఆయప్పని చెయ్యి కదిలించొద్దని చెప్పు," అంది. నర్సు తిరిగి చూసింది. అలవాటైపోయిన ఓబులేసు చెయ్యి కదలకుండా పెట్టుకున్నాడు.

ఇంతకీ తప్పని అనేస్తే అతని సొమ్మేం పోయింది? ఏమీ పోదు. కానీ ఆ ఏళ్ళలో గొర్రెలమ్మి, ఎద్దులమ్మి బోర్లు వేయని మగాడెవడు? వాళ్ళలో ఒక్కడైనా పెండ్లాం ముందర తప్పు ఒప్పుకున్నాడా? నేనొక్కణ్ణే ఎందుకు ఒప్పుకోవాలన్నది ఓబులేసు వాదన. నలుగురిలో గట్టిగా వాదించేవాడు. ఆమె మాత్రం అంగట్లో వచ్చినవాళ్ళతో గలగలా మాట్లాడుతుంటే, పైపుల కట్టల వెనక నిలబడి ఊరికే వినేవాడు. ఆ గొంతు ఒక్కసారి తన ముఖం మీదికి తిరిగితే చాలని ఉండేది. తిట్టయినా సరే.

రెండువేల ఐదులో పైపుల కంపెనీవాళ్ళు బాగా అమ్మిన డీలర్లకు మలేషియా టూరు పెట్టారు. షరతు ఒకటే, మొగుడూ పెండ్లాం కలిసి రావాలి. అంతకుముందు ఏడాది మగవాళ్ళను మాత్రమే ఎక్కడికో తీసుకుపోతే, వాళ్ళక్కడ వెలగబెట్టిన ఘనకార్యాలు ఇండ్లలో తెలిసి కంపెనీకే శాపనార్థాలు తగిలాయట.

"గుంజా, మలేషియాకు వస్తాదేమో ఆయమ్మను అడుగు," అన్నాడు ఓబులేసు.

"గుంజప్పా, ఏరోప్లేను ఎక్కాలని ఎవరికుండదు? వస్తానని చెప్పు. నిన్ను గూడా ఎక్కించుకుంటారేమో కనుక్కోమను. నువ్వు లేకుంటే ఈ సంసారం యాడ నడుస్తాది?"

గుంజను ఎక్కించుకోలేదు. తిరుపాలమ్మ తన కంబళి మాత్రం సంచిలో పెట్టుకుంది. అమ్ముడుపోయిన మంద ఆఖరిసారి ఇచ్చిన ఉన్నితో నేయించిన నల్లకంబళి అది. ఎండ మండే దేశానికి కంబళి ఏమిటని విమానంలో అందరూ నవ్వారు. చిలమత్తూరు డీలరు ఈశ్వరప్ప మరీ నవ్వాడు. ఆయన నవ్వితే పక్క వరుసలో నిద్రపోయేవాళ్ళు కూడా లేవాలి. ఆయన భార్య ఆంజినమ్మ మాత్రం తిరుపాలమ్మ పక్కన చేరి, టూరు పొడుగునా ఆమెను వదలలేదు.

హోటలు గదిలో గుంజ పని టీవీకి వచ్చింది. బయట ఆ పని గైడు నెత్తిన పడింది. గైడు పేరు అప్పలసామి. వాళ్ళ తాత ఎప్పుడో ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాడు. మనవడి తెలుగు తాతల నాటిది, మధ్యలో అరవం కలిసినది. మొదటి రోజు పొద్దున టిఫిన్ల దగ్గర తిరుపాలమ్మ అతన్ని పిలిచి, "నాయనా, ఆయప్పని ఆ ఎర్రకూర పెట్టుకోవద్దను. అందులో ఏం జీవముందో ఏమో," అంది.

"ఆయన ఇక్కడే ఉన్నారు కదమ్మా?" అన్నాడు అప్పలసామి. నిజంగానే ఓబులేసు మూరెడు దూరంలో కంచం పట్టుకొని ఉన్నాడు.

"ఉండాడు. కండ్లు కనపడతాండాయి నాకు. నువ్వు చెప్పు."

అప్పలసామి చెప్పాడు. ఓబులేసు గరిటె కింద పెట్టి, "సరేనని చెప్పు," అన్నాడు. సాయంత్రానికి అప్పలసామికి పద్ధతి అర్థమైంది. రెండో రోజుకు విసుగు కూడా వచ్చింది.

అతనికి ఇంకొక పద్ధతి ఉండేది. బస్సు కదిలేముందు తలకాయలు లెక్కపెట్టేవాడు కాదు. అందరూ జంటలే కాబట్టి పసుపు జెండా ఎత్తి, "మీ మీ మనిషి ఉన్నారా?" అని కేక వేసేవాడు. మొగుళ్ళు పెండ్లాలను చూసుకొని, పెండ్లాలు మొగుళ్ళను చూసుకొని "ఉన్నారు" అనేవాళ్ళు. బస్సు కదిలేది. మంచి పద్ధతే. మాట్లాడుకునే మొగుడూ పెండ్లాలకు.

మూడో రోజు పొద్దున ఊరి నడుమ ఆకాశాన్ని తాకే జంట మేడల్ని చూపించారు. అందరూ మెడలు వెనక్కి వంచి ఫోటోలు దిగారు. తిరుపాలమ్మ కాసేపు చూసి, "మేత లేని గుట్ట," అని బస్సెక్కింది. మధ్యాహ్నానికి బస్సు కొండ ఎక్కింది. మలుపు మలుపుకూ చలి పెరిగింది. పైన దిగేసరికి చొక్కాలోంచి చలి ఎముకల్లోకి దిగుతోంది. విమానంలో నవ్వినవాళ్ళందరూ చేతులు చంకల్లో పెట్టుకొని గడగడలాడుతుంటే, తిరుపాలమ్మ నింపాదిగా కంబళి తీసి, మూల మడిచి నెత్తిన వేసుకొని, గొర్రెలకాడ నిలబడినట్టే నిలబడింది.

"అక్కా, రొవంత కొంగు నాకూ కప్పక్కా," అన్నాడు ఈశ్వరప్ప.

"నీ నవ్వు కప్పుకోప్పా. విమానంలో చానా నవ్వితివి కదా, యాడ పెట్టినావు?"

అక్కడ ఒక తోట ఉంది. తోటలో పచ్చిక, పచ్చిక చుట్టూ తెల్లరంగు కొట్టిన కర్రకంచె, కంచెలోపల బొద్దుగా ఉన్న తెల్ల గొర్రెలు. టికెట్టు కొన్నవాళ్ళు లోపలికి పోయి వాటికి ఆకు తినిపించవచ్చు. ఈశ్వరప్పకు నవ్వు మళ్ళీ దొరికింది.

"ఏమన్నా ఓబులేసన్నా, గొర్రెల్ని చూసేకి టికెట్టంట! మా ఊర్లో దోవకు అడ్డం పడుకుంటే హారన్ కొట్టి కొట్టి చేతులు నొస్తాయి కదప్పా!"

ఓబులేసు నవ్వలేదు. లోపలికి పోలేదు. ఆ ఖాళీ దొడ్డి రోజునుంచి గొర్రెల మంద ఎదురైతే పక్కదారి పట్టడం అతనికి అలవాటు. టీ అంగడి దగ్గర ఆగిపోయి, కంబళి కప్పుకున్న ఆమె ఒక్కతే కంచె గేటు దాటి పోవడం దూరంనుంచి చూశాడు. అంతలో కింద లోయలోంచి పొగమంచు లేచి వచ్చింది. పిడకల పొగలాగా కమ్ముకొని కంచెను, గొర్రెలను, మనుషులను మింగేసింది. అప్పలసామి జెండా ఊపుకుంటూ, "రండి, రండి, దారి మూసుకుపోతుంది," అని అందరినీ బస్సులోకి తోలాడు.

"మీ మీ మనిషి ఉన్నారా?"

ఓబులేసు ఎప్పట్లాగే వెనక సీట్లో ఉన్నాడు. ఆమె ఎప్పట్లాగే ముందర ఆంజినమ్మ పక్కన ఉంటుంది. "ఉండాది," అన్నాడు. బస్సు కదిలింది.

కొండ దిగువన చాక్లెట్ల అంగడి దగ్గర బస్సు ఆగింది. ఓబులేసు ఒక వేడి టీ కొని, అప్పలసామిని పిలిచి, "ఇది ఆయమ్మకు ఇచ్చి తాగమని చెప్పు. చలికి గొంతు పట్టుకుంటాది ఆమెకు," అన్నాడు. అప్పలసామి టీ పట్టుకొని బస్సంతా తిరిగాడు. అంగడంతా తిరిగాడు. టీ అట్లాగే తెచ్చాడు.

"అమ్మ లేదు."

"లేదంటే? ఆంజినమ్మ పక్కన ఉంటాది చూడప్పా."

ఆంజినమ్మ చేతిలో చాక్లెట్ పొట్లం కింద పడింది. "అయ్యో అన్నా, నీ పక్కన కూచుందనుకుంటి కదా! నా కాడికి రాకపోతే, ఇన్నేండ్లకు మొగుని పక్కకు పోయిందిలే, తిరిగి చూస్తే దిష్టి తగుల్తాదని చూడనే లేదన్నా!"

ఓబులేసు బస్సెక్కి సీటు సీటూ తానే వెతికి వచ్చాడు. అప్పలసామి నుదురు కొట్టుకున్నాడు. 

"తప్పు నాది బాబూ. అమ్మ నాకు చెప్పింది. గొర్రెల దగ్గర ఉంటాను, ఆయన్ని ఒకసారి రమ్మను, ఒకటి చూపించాలి అంది. మంచు వచ్చింది, తొందరలో మరిచాను."

"ఏమనింది?"

"రమ్మంది."

"ఎవరిని?"

"మిమ్మల్నే."

ఓబులేసు పాతవన్నీ తలుచుకున్నాడు. ఏడేండ్లుగా సరళ చేత, గుంజ చేత తినమనింది, తాగమనింది, పడుకోమనింది, మాత్ర మింగమనింది. రమ్మనలేదు. ఒక్కసారి కూడా తన దగ్గరికి రమ్మనలేదు.

అప్పలసామి పైకి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. కొండమీదికి పోతున్న కూరగాయల వ్యానును చెయ్యి అడ్డం పెట్టి ఆపి, డ్రైవరుకు వాళ్ళ భాషలో ఏదో చెప్పి ఓబులేసును ఎక్కించాడు. "మేము ఇక్కడే ఉంటాం. బస్సు కదలదు," అన్నాడు. ఈశ్వరప్ప మొదటిసారి నవ్వకుండా, "బిన్నా పోన్నా, ఆలస్యం చేయొద్దు," అన్నాడు.

వ్యాను మలుపులు తిరుగుతుంటే ఓబులేసు కిటికీలోంచి తల బయటపెట్టి దారినే చూశాడు. ఆమె చేతిలో చిల్లిగవ్వ లేదు. పాస్‌పోర్టులన్నీ గైడు సంచిలో ఉన్నాయి. అక్కడి మాట ఒక్క ముక్క రాదు. అయితే ఆమె ఏడుస్తూ కూర్చొని ఉంటుందని అతనికి ఎందుకో అనిపించలేదు. చిరుతలు తిరిగే అడవుల పక్కన మందతో ఒంటరిగా నెలలు గడిపిన మనిషి ఆమె. భయపడుతున్నది తానే. తిరుపాలమ్మ లేని పంచ, ఆ పంచలో మాట్లాడే పని లేని గుంజ కళ్ళ ముందర కనపడ్డాయి. ఆ గుంజతో తానేం మాట్లాడతాడు?

తోట గేటు దగ్గర కాపలావాడికి కంబళి కప్పుకున్న ఆడమనిషి అని చేతులతో చూపించాడు. నెత్తిమీద కప్పు, భుజాల మీద కప్పు. కాపలావాడు మంచుకు తడుస్తున్నాడేమో అనుకొని జాలిగా తన గొడుగు ఇవ్వబోయాడు. ఓబులేసు దండం పెట్టి లోపలికి పరుగెత్తాడు. మంచులో చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు.

"తిరుపాలూ!" అని అరిచాడు. ఆ పేరు నోట్లోంచి వచ్చి ఎన్ని ఏండ్లయిందో. "ఓ తిరుపాలూ! యాడుండావు?"

జవాబు లేదు. ఎక్కడో పిల్లలు కేరింతలు కొడుతున్నారు, ఎవరో దగ్గుతున్నారు. మళ్ళీ అరిచాడు. మూడోసారి అరవబోతూ ఆగిపోయాడు. ఒక సంగతి తట్టింది. తన కేక వినపడినా ఆమె పలకదు. పలికితే ఒట్టు తప్పినట్టే. ఆ మొండిమనిషి మంచులో రాత్రంతా నిలబడుతుందే గాని తన పిలుపుకు 'ఊ' అనదు. చేసినవాడికి చేసినంత.

కంచె పట్టుకొని నిలబడ్డాడు. అప్పుడేం తోచిందో, నోటి చుట్టూ చేతులు పెట్టుకొని కూత వేశాడు. సాయంత్రాలు దొడ్డి ముందర ఆమె వేసే కూత. వేసేవాడెవడు? పైపుల వ్యాపారి. గొంతు అడుగునుంచి రావలసింది ముక్కులోంచి వచ్చింది. నాలుక కొసన దడదడలాడవలసింది పండ్ల సందున బుస్సుమంది. చివరికి సాగవలసిన చోట దగ్గు వచ్చింది. మంచులో గొర్రెలన్నీ ఒక్కసారిగా బెదిరి "బ్యా" అని అటూ ఇటూ పరుగెత్తాయి.

"థూ! ఆపప్పా!" పక్కనే, రెండు బారల దూరంలోంచి, గొంతు. "అదేం కూత? యాడ నేర్చినావు దాన్ని? అట్ల కూస్తే గొర్రెలు రావు, తోడేళ్ళు వస్తాయి! పాపం, కడుపుతో ఉండేటివి గూడా ఉండాయి ఈడ, బెదిరి ఈసుకపోతాయి!"

మంచులోంచి నల్లకంబళి బయటికి వచ్చింది. తిరుపాలమ్మ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, కోపానికి. చేతుల్లో ఒక గొర్రెపిల్ల.

"నువ్వొస్తివి కదా," అన్నాడు ఓబులేసు.

అప్పుడు తెలిసింది ఆమెకు. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.  తర్వాత ఆమె ముఖం తిప్పుకొని, కంచెకు నాటిన తెల్ల గుంజ వైపు చూస్తూ, "గుంజప్పా, ఇది లెక్కలోకి రాదు. కూత పాడు చేస్తే నోరు జారినా. ఒట్టు ఒట్టే. ఆయప్పకు చెప్పు," అంది.

ఓబులేసు అలవాటు చొప్పున అదే గుంజ వైపు తిరిగాడు. "గుంజా, ఆయమ్మకు చెప్పు..." అని మొదలుపెట్టాడు. ఆపాడు. ఆ గుంజ తెలుగు వచ్చిన గుంజ కాదు. దానికి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె వైపు తిరిగాడు. ఆమె చేతుల్లోని పిల్ల ముఖం సగం తెలుపు, సగం నలుపు.

"బొల్లి మాదిరే ఉండాది," అన్నాడు.

ఆమె పిల్లను కొంచెం ముందుకు చాపింది. చూపించాలనుకున్నది అదే. ఓబులేసు దాని నెత్తిమీద చెయ్యి పెట్టాడు. తడిగా, వెచ్చగా ఉంది.

"గుంజకు కాదు, నీకే చెప్తాండా," అన్నాడు. "నిన్ను అడక్కుండా అమ్మింది తప్పే. లారీలోకి ఎక్కిస్తాంటే బొల్లి ఎక్కనంటే, నేనే నడుం పట్టుకొని ఎత్తి పడేసినా. ఆ పొద్దే తెలుసు తప్పని. దుమ్ము లేసినందుకు కాదు. నీళ్ళు పడింటే గూడా తప్పే."

తిరుపాలమ్మ పిల్లను కంచెలోపల దింపింది. అది తల్లి దగ్గరికి పరుగెత్తి, పొదుగు కింద దూరేదాకా చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏమంటివి? గొర్రెల అరుపులో సరిగ్గా ఇనపడలా. ఇంగోసారి చెప్పు."

"తప్పు చేసినా."

"అమ్మిన పొద్దే తెలుసంటివి?"

"తెలుసు."

"ఆ పొద్దు అనింటే ఏమి నీకు? అంగడి పెట్టే పొద్దు అనింటే ఏమి? ఈ మాట అనేకి సముద్రం దాటి రావాల్నా? ఈడ టికెట్టు పెట్టుకోని వినాల్నా నేను?" గొంతు పెంచి అరిచింది. "ఇంగా ఏం చూస్తాండావు మొగం? చలికి పెదాలు నల్లబడినాయి. రా ఇట్ల, కంబళి కిందికి. రెండేండ్లనాడు టైఫాయిడ్ పడినోడివి, చొక్కా మీద వస్తావా కొండకు? బుద్ధుండాదా? ఆ గైడు నాయన ఏమైనాడు? ఒక్క మాట చెప్పమంటే చెప్పలేదే! మా గుంజ ఇన్నేండ్లలో ఒక్క మాట మరిచిందా?"

కూరగాయల వ్యాను డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఒకే కంబళి కింద రెండు తలకాయలు మంచులోంచి వస్తుంటే చూసి, హారన్ మీదినుంచి చెయ్యి తీసి నవ్వాడు. కిందికి పోయేదాకా ఆమె మాట ఆపలేదు. సరళ పురుటికి పెట్టాల్సిన సారె, అంగడి కప్పు కారే మూల, రాయదుర్గం వ్యాపారి మోసం, ఓబులేసు గురక, టైఫాయిడ్‌లో అతను కలవరించిన మాటలు. అన్నీ గుంజకు చెప్పలేక దాచుకున్నవి. ఓబులేసుకు ఆమె అడిగినవాటికి జవాబు చెప్పే సందు దొరకలేదు. అతనికి జవాబులు చెప్పాలని కూడా లేదు. అంగట్లో పైపుల చాటున నిలబడి దొంగగా విన్న గొంతు ఇప్పుడు చెవి పక్కనే, తనకోసమే, తిడుతూ పోతోంది.

బస్సు దగ్గర అప్పలసామి చేతులు జోడించాడు. ఆంజినమ్మ ఏడుస్తూ ఎదురొచ్చింది. తిరుపాలమ్మ ఆమె వీపు తట్టి, "నేను యాడికి పోతానే పిచ్చిదానా? తప్పిపోయింది ఈయప్ప, దొరికినాడు," అంది. ముందర సీటు దాటి, నడవలో నడిచి, వెనక సీట్లో ఓబులేసును కిటికీ వైపుకు తోసి పక్కన కూర్చుంది. ఈశ్వరప్ప ఏదో అనబోతే ఆంజినమ్మ గట్టిగా గిల్లింది.

అప్పలసామి జెండా ఎత్తాడు. ఈసారి ఒక్కొక్క సీటూ చూసుకుంటూ కేక వేశాడు.

"మీ మీ మనిషి ఉన్నారా?"

ఎవరూ నోరు తెరవకముందే వెనకనుంచి తిరుపాలమ్మ గొంతు బస్సంతా మోగింది.

"ఉండాడప్పా, ఈడనే ఉండాడు! నువ్వు బండి పోనీ!"